బీమా వద్దని నేనెప్పుడన్న?

అమీర్ అలీ ఒక పని చేయాలా వద్దా అని తేల్చుకునేలోగా జహేదా ఆ పని చేసేసి, చేతులు కడుక్కుని, ఇంకో పని మొదలుపెట్టేది. పెళ్ళయిన ముప్పై మూడేళ్ళుగా ఇదే వరస. బోరు ఎక్కడ వేయాలని ఊళ్ళో పదకొండు మందిని అడిగాడు. వాళ్ళు పదకొండు చోట్లు చూపించారు. చివరికి జహేదా విసుగెత్తి బిందె దించిన చోటే వేస్తే నీళ్ళు పడ్డాయి. కొడుక్కి సైఫ్ అని పేరు పెట్టడానికి మూడు నెలలు పట్టింది. ఎవరేం అడిగినా అతని నోట వచ్చే మాట ఒకటే: "అడిగి చెప్త."

అలాంటి మనిషి ఎవర్నీ అడగకుండా ఉమ్రాకు పోదామన్నాడంటే ఆమె మొదట నమ్మలేదు. వాళ్ళ ఊరు శామీర్‌పేట చెరువుకు అవతల. ఎనిమిది బర్రెలు. తెల్లారకముందే పాలు పిండి, రెండు క్యాన్లు టీవీఎస్ బండికి కట్టుకుని, కౌకూర్, యాప్రాల్ కాలనీల్లో ఇంటింటికీ పోసి రావడం అతని పని. మేత, పేడ, కుడితి, మిగతా సంసారమంతా ఆమె పని. బర్రెల్ని వదిలి సొంత చెల్లెలి పెళ్ళిలో కూడా ఒక పూట ఉండని అమీర్ అలీ, 2012 ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, టోపీ తీయకుండానే, "మక్కా మదీనా చూసొద్దాం" అన్నాడు. సైఫ్, కోడలు అర్షియా పదిహేను రోజులు బర్రెల్ని చూసుకుంటామన్నారు. పాస్‌పోర్టులు వచ్చాయి. అంతా సాఫీగా పోతోందని జహేదాకు లోలోపల భయంగానే ఉండింది.

వాళ్ళింట్లో మామూలుగా మాట్లాడుకునేది ఉర్దూ. కానీ జహేదా పుట్టిల్లు గజ్వేల్ దగ్గరి పల్లె, చుట్టూ తెలుగువాళ్ళే. కోపమొస్తే ఆమెకు తెలుగే వచ్చేది. ఆ మార్చి నెలలో ఆ ఇంట్లో చాలా రోజులు తెలుగే వినబడింది.

సైఫ్ మేడ్చల్‌లో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అక్కడి ట్రావెల్స్ ఆఫీసు నుంచి కాగితాలు తెచ్చి, తల్లిదండ్రులతో సంతకాలు పెట్టించి, చివర్న రెండు పచ్చ చీటీలు, వాటి షరతుల కాగితాల కట్ట పక్కకు తీశాడు.

"గివేంది?" అన్నాడు అమీర్ అలీ.

"ఇన్సూరెన్స్ అబ్బా. ఆడ పానం బాగలేకపోతే దవాఖాన ఖర్చు కంపెనోళ్ళు పెట్టుకుంటరు. సామాను పోయినా ఏమన్న ఇస్తరు. ఇద్దరికి పద్దెనిమిది వందలు. తీసుకుంటే తీసుకోవచ్చు, లేకుంటే లేదు. మన ఇష్టం."

'మన ఇష్టం' అన్న మాట వినగానే జహేదా తల పట్టుకుంది. తప్పనిసరి అన్నా బాగుండేది, వద్దన్నా బాగుండేది. ఆయన చేతిలో ఇష్టం పెట్టడమంటే కోతి చేతికి కొబ్బరికాయ ఇవ్వడమే.

"ఎప్పటిదాక టైమున్నది?"

"వచ్చే శనివారం."

"అబ్బో, మస్తున్నది. అడిగి చెప్త."

బీమా అంటే అమీర్ అలీకి అప్పటికే ఒక పుండు ఉంది. అంతకుముందు వానాకాలం పిడుగు పడి పాడిబర్రె ఒకటి చచ్చిపోయింది. దానికి బీమా ఉంది, చెవికి పచ్చటి ప్లాస్టిక్ బిళ్ళ కూడా వేసి పోయారు. కానీ పిడుగుకు నెల ముందే ఆ బర్రె కంచెలో తల దూర్చి, బిళ్ళతో పాటు చెవి చివర కూడా చింపుకుంది. కంపెనీ మనిషి వచ్చి, చచ్చిన బర్రె చెవులు రెండూ ఎత్తి చూసి, బిళ్ళ లేకపోతే అది మీ బర్రేనని ఎట్లా నమ్మాలన్నాడు. "సచ్చి నీ కాళ్ళ ముందట పడున్నది గద సార్!" అని అమీర్ అలీ మొత్తుకున్నా లాభం లేకపోయింది.

"నాకేడ ఏస్తరు బిళ్ళ? చెవికా?" అని ఇప్పుడు కొడుకును అడిగాడు. సైఫ్ నవ్వాడు. జహేదా నవ్వలేదు.

మర్నాటి నుంచి అడగడం మొదలైంది. మౌల్వీసాబ్‌ను అడిగాడు. ఆయన ఓపిగ్గా, ఈ విషయంలో పెద్దల్లోనే రెండు మాటలున్నాయని, కొందరు వద్దన్నారని, అవసరమైతే తప్పు లేదని కొందరన్నారని, నీ మనసు ఎటు చెప్తే అటు చేయమని చెప్పాడు. "నా మనసుకే తెలుస్తే ఆయిన దగ్గరికెందుకు పోత?" అని ఇంటికొచ్చి గొణిగాడు అమీర్ అలీ. సోమవారం, దుబాయిలో పనిచేసి వచ్చిన ఒకాయన తప్పకుండా తీసుకొమ్మన్నాడు. ఆ పూట తీసుకోవాలనే నిశ్చయం. సాయంత్రం కిరాణా కొట్టు వెంకటనర్సయ్య, "మంచి జాగకు పోవట్టి సావు ముచ్చటెందుకు అమీర్‌భాయ్, మంచిగనిపిస్తదా?" అన్నాడు. ఇక వద్దనే నిశ్చయం. మంగళవారం దాణా అమ్మేవాడు ఏమన్నాడో గాని, మళ్ళీ తీసుకోవాలన్నాడు.

"గడియకో మాట మారుస్తవు. పొద్దుగాల తీసుకుంటవ్, మాపటికి వద్దంటవ్. నన్నొక్కదాన్ని అడుగుతలేవేంది?" అంది జహేదా, పేడతట్ట కింద కుదేసి.

"నీకేం తెలుసు గీ ముచ్చట్లు?"

"దాణా అమ్మెటోనికి తెలుసా?"

అమీర్ అలీ క్యాన్లు కడగడానికి లేచాడు.

బుధవారం పొద్దున ఏడున్నరకు ఆమె ఫోన్ మోగింది. కౌకూర్ నుంచి సుశీల అనే ఖాతాదారు. ఇంకా పాలు రాలేదట, పిల్లలు బడికి పోవాలట. ఆ ఫోన్ పెట్టగానే ఇంకొకరు. ఎనిమిదింటికి నాలుగో ఫోన్ వచ్చేసరికి బండి ఎక్కడో బోల్తా పడిందని జహేదాకు ఖాయమైపోయింది. చేసిన ఫోన్ ఎత్తడు.  తొమ్మిదిన్నరకు అమీర్ అలీ చల్లగా బండి దిగాడు.

"యాప్రాల్‌ల మన యజ్ఞనారాయణ సార్ లేడా, ఆయిన బీమా కంపెనీలనే రిటైరైండట. నాకింతవరకు తెల్వనే తెల్వదు. సైఫ్ ఇచ్చిన కాగితం సూపెట్టిన. మొత్తం ఇంగ్లీషుల ఇరవై పేజీలు. పన్నెండు సదివి చెప్పిండు. ఇంక ఎనిమిదున్నయ్. రేపు రమ్మన్నడు."

"పాలు?"

"పాలకేమైతది? పోసిన. జర ఆలిశమైంది."

గురువారం జహేదా తనే బండి వెనక ఎక్కి, రెండో క్యాన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు అందరిళ్ళలో పాలు పోయించింది. ఆ తర్వాతే యజ్ఞనారాయణ ఇంటికి పోనిచ్చింది.

యజ్ఞనారాయణది భీమవరం వైపు. ముప్పై ఒక్క ఏళ్ళు బీమా ఆఫీసులో చేసి, యాప్రాల్‌లో ఇల్లు కట్టుకుని ఉంటున్నాడు. గేటు తీయగానే వరండాలో ఎర్ర పెన్సిలుతో గీతలు కొట్టిన కాగితాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆయన భార్య పార్వతీదేవి పాలగిన్నె తెచ్చి, జహేదాను చూసి, "నువ్వూ వచ్చావా తల్లీ, మంచిపని చేశావు" అంది, ఏదో తెలిసినదానిలా.

"కూర్చోండమ్మా. నువ్వైనా శ్రద్ధగా విను, మీ ఆయన మధ్యలో బర్రె సంగతి తెస్తున్నాడు" అన్నాడు యజ్ఞనారాయణ. "ముందు ఇది చెప్పండి. మీకు మునుపటి నుంచీ ఉన్న జబ్బులేమైనా ఉన్నాయా?"

"ఏం లెవ్వు సార్" అన్నాడు అమీర్ అలీ.

"షుగర్ ఉన్నది" అంది జహేదా.

"కొంచెమే సార్."

"దినాం రెండు గోలీలు ఏసుకుంటడు."

"చిన్నయి సార్ అవి."

యజ్ఞనారాయణ పెన్సిలు ఎత్తాడు. "చిన్నవైనా పెద్దవైనా ఫారంలో రాయాల్సిందే. దాచిపెడితే రేపు దేనికీ పైసా రాదు. రాస్తే షుగర్ వల్ల వచ్చిన వాటికి రాదుగానీ, మిగతా వాటికి వస్తుంది."

"ఇన్నవా?" అని అమీర్ అలీ భార్య వైపు తిరిగాడు, పందెం గెలిచినట్టు. "రాసినా రాదు, రాయకున్నా రాదు."

జహేదా కొంగు సర్దుకుంది. "సార్, నాకొక్క మాట చెప్పుండ్రి. మేం తీసుకోవాల్నా, వద్దా?"

ఆయన కళ్ళజోడు తీశాడు. తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "అది నేను చెప్పకూడదమ్మా. ఉన్న వివరాలు ఉన్నట్టు చెప్పడం వరకే నా ధర్మం. నిర్ణయం మాత్రం మీదే."

ఇలాంటి మనిషి లోకంలో ఒకడే ఉన్నాడని జహేదా ఇన్నాళ్ళూ అనుకుంది.

పార్వతీదేవి గడప మీద చతికిలబడింది. "ఈయన్ని అడిగితే ఏం తేలుతుంది జహేదా? పోయినేడు మా అమ్మాయి శ్రీదివ్య రమ్మంటే సింగపూరు వెళ్ళామా, ఆ ఫారం నెల్లాళ్ళు చదివారు. ఈయన చదవడం పూర్తయ్యేలోగా విమానం ఎక్కేసి, దిగేసి, తిరిగి కూడా వచ్చేశాం. బీమా లేదు, గీమా లేదు."

"అది కాదు పార్వతీ, అందులో ఆ ఏడో షరతు..."

"ఏం షరతండీ! నాకక్కడ పన్ను వాచి దవడంతా బూరెలా అయితే లవంగం పెట్టుకు కూర్చోమన్నారు."

యజ్ఞనారాయణ చెవులు ఎర్రబడ్డాయి. గబగబా పేజీ తిప్పాడు. "ఆఁ, చివరిది. అనకూడదు గానీ చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అక్కడ జరగరానిదేదైనా జరిగితే, మనిషిని, అంటే ఆ కాయాన్ని, ఇక్కడికి చేర్చే ఖర్చంతా కంపెనీదే."

అమీర్ అలీ అప్పటిదాకా గోడకు ఆనుకుని నిలబడ్డవాడు ముందుకు వచ్చాడు. "ఇక్కడికా సార్?"

"ఇంటి గుమ్మం దాకా."

"వద్దంటే?"

"ఏమిటి వద్దంటే?"

"తేవద్దు అని ముందుగాల్నే చెప్తే, తేకుంట ఉంటరా?"

యజ్ఞనారాయణ నోరు తెరిచి, కాగితాల్లో ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు వెతికాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. జహేదా మాత్రం కాగితాల వైపు చూడలేదు. మొగుడి మొహం వైపు చూసింది. ఆ మొహంలో ఏదో తేలిపోయి ఉంది. ఎటూ తేలని ఆ మొహంలో అలాంటిది ఆమె ఎప్పుడూ చూడలేదు.

తిరుగుదారిలో కౌకూర్ దాటాక ఒక చాయ్ బండి దగ్గర ఆపమంది. ఖాళీ క్యాన్లు గలగలమంటూ ఆగాయి.

"ఇగ చెప్పు. ఎందుకడిగినవ్ ఆ మాట?"

అతను చాయ్ గ్లాసు రెండు చేతులా పట్టుకుని చాలాసేపు ఊదాడు. తర్వాత, గ్లాసుతో చెప్తున్నట్టు, నెమ్మదిగా చెప్పాడు. మదీనాలో పోయినవాళ్ళను బఖీ అనే ఖబరస్తానులో పెడతారు. ఎంతెంత పెద్దవాళ్ళో పడుకున్న నేల అది. "గంత నసీబ్ ఎవరికొస్తది జహేదా? గసొంటి జాగల మట్టి దొరుకుతే, మనమే పైసలు కట్టి, పెట్టెల పెట్టించుకొని, ఎనుకకు శామీర్‌పేటకు వచ్చుడేంది?"

"ఎన్నొద్దుల సంది అనుకుంటున్నవ్ ఇది?"

"పోయిన రంజాన్ సంది."

అంటే ఉమ్రా మాట ఎత్తడానికి ముందు నుంచే. జహేదాకు ఒక్కొక్కటీ వరుసగా గుర్తొచ్చాయి. రంజాన్ ముందు వచ్చిన జ్వరం, కాలివేళ్ళు మొద్దుబారుతున్నాయని రెండుసార్లు అనడం, పాలలెక్కలన్నీ సైఫ్‌కు నేర్పడం. ముప్పై మూడేళ్ళలో ఈ మనిషి ఎవర్నీ అడగకుండా ఒక్కటంటే ఒక్కటి తేల్చుకున్నాడు. అదేమో ఇది! అదీ తనను అడగకుండా!

"నీకు నసీబ్. మరి నాకో?" అంది. గొంతు తనకే కొత్తగా వినబడింది. "నువ్వు పోయి బఖీల పండుకుంటవు. నేను? ఆ మందిల నేనొక్కదాన్ని, బాట తెల్వదు, వాళ్ళ మాట తెల్వదు, నీ చెప్పులు ఒక చేతుల, నా సంచి ఒక చేతుల పట్టుకొని విమానమెక్కి రావాల్నా? వచ్చి పోరనికి ఏం చెప్పాలె? మీ అబ్బకు మంచి జాగ దొరికింది బిడ్డా, ఇగ బువ్వ తిను అని చెప్పాల్నా?"

చాయ్ పోసేవాడు పోయడం ఆపాడు.

"అట్ల గాదే. నేను పోత అంటున్ననా? అల్లా ఇష్టం. ఆడ వస్తే అన్న."

"గదే! నువ్వు ఆడ సావొస్తే బాగుండు అనుకుంట పోతున్నవ్. నేను పోయేదే మళ్ళ ఇంటికొచ్చెటందుకు. ఇద్దరం ఒక్క టికెట్ల మీద రెండు జాగలకు పోతున్నం."

ఆమె లేచి పోయి బండి వెనక ఎక్కింది. కోపం కన్నా ఎక్కువగా ఆమెను కాల్చింది, అతను ఆ ముచ్చట చెప్పేటప్పుడు మొహంలో ఉన్న సంతోషం.

శుక్రవారం, అతను పాలకు పోగానే, జహేదా అర్షియాకు బర్రెల్ని అప్పజెప్పి, బురఖా వేసుకుని, తన పాస్‌పోర్టు, తన చీటీ తీసుకుని మేడ్చల్ బస్సెక్కింది. ఒక్కతే అంత దూరం ఆఫీసు పని మీద పోవడం అదే మొదలు. ట్రావెల్స్ ఆఫీసులో రహీల్ అనే కుర్రవాడు సైఫ్‌కు తెలిసినవాడే. కుర్చీ వేసి, చీటీ నింపాడు.

"జబ్బులేమన్న ఉన్నయా ఖాలా?"

"మోకాళ్ళు నొస్తయి. అది రాయి. మొగుడున్నడు. దానికి గడి ఉంటే అది గూడ రాయి."

రహీల్ నవ్వు ఆపుకున్నాడు. "ఖాలూది తేలేదా?"

"ఆయినది ఆయిన ఇష్టం."

"నామినీ ఎవరి పేరు రాయాలె?"

జహేదా పాస్‌పోర్టు మళ్ళీ సంచిలో పెట్టుకుంది. "ఆయిన పేరే రాయి" అంది.

ఇంటికొచ్చేసరికి అమీర్ అలీ గడ్డి కోసే మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు. రసీదు చూశాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"నాదేది?"

"నీదేంది?"

"నన్ను ఇడిసిపెట్టి నీది ఒక్కదానిదే కట్టినవా?"

"వద్దన్నది నువ్వే గద!"

"బీమా వద్దని నేనెప్పుడన్న?" అన్నాడు అతను, నిజంగానే నొచ్చుకుని. "అడిగి చెప్త అన్న."

జహేదాకు తెలుగూ రాలేదు, ఉర్దూ రాలేదు. చేతిలో ఉన్న కుడితి బకెట్ ఉన్నచోటే వదిలేసి లోపలికి పోయి తలుపేసుకుంది. అర్షియా పరిగెత్తుకొచ్చి బకెట్ పట్టుకుంది.

శనివారం పాలు పోసి అటునుంచి అటే, క్యాన్లతో సహా, అమీర్ అలీ మేడ్చల్ పోయాడు. పదింటికి ఫోన్ వచ్చింది.

"షుగర్ రాయాల్నా?"

"రాయి."

అయిదు నిమిషాలకు మళ్ళీ. "ఎన్నేండ్ల సంది అని అడుగుతుండు."

"ఆరేండ్లు."

"ఆరు రాస్తే ఎక్కువ గొడ్తదేమో. మూడు రాయిద్దునా?"

"ఆరు!"

మూడోసారి మోగితే అర్షియానే ఎత్తి అత్తకు ఇచ్చింది. "నామినీ అంట. నీ పేరు రాయమంటవా, పోరనిదా? నువ్వు గూడ నాతోనే ఉంటవు గద. ఒకవేళ ఇద్దరికీ..."

"ఫోన్ రహీల్‌కియ్యి" అంది జహేదా.

తేవద్దన్న మాట రాయడానికి ఆ ఫారంలో చోటు లేదని అతను సాయంత్రం చెప్పాడు. ఆమె విననట్టే బర్రెలకు కుడితి పెట్టడానికి పోయింది.

ఏప్రిల్‌లో, సూడిబర్రె ఈనే రోజులు దగ్గరపడుతుండగా పోయారు. మక్కాలో వారం బాగానే గడిచింది. అమీర్ అలీ దారి పొడుగునా కనబడ్డ ప్రతివాణ్ణీ ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు. జహేదా అతని చొక్కా అంచు వదల్లేదు. మదీనా చేరిన మర్నాడు, తెల్లవారు నమాజు కాగానే, అతను మగవాళ్ళతో కలిసి బఖీలోకి పోయాడు. ఆడవాళ్ళను లోపలికి పోనివ్వరు. గోడ బయట నిలబడి జహేదా ఎదురుచూసింది.  లోపలికి పోయిన మనిషి అక్కడే ఉంటానంటాడేమోనని పిచ్చి భయం.

అరగంటకు వచ్చాడు. చెప్పులు వేసుకున్నాడు. చాలా దూరం నడిచాక నోరు విప్పాడు.

"పేర్లు ఉండయే. ఉత్త రాళ్ళు పెడ్తరు. ఎవరిది ఏదో తెల్వది."

"మంచిదే గద. అందరొక్కటే."

"మంచిదే" అన్నాడు. కాస్త ఆగి, "కని, సైఫ్ వస్తే యాడ నిలబడ్తడు?" అన్నాడు.

జహేదా దగ్గర దానికి సవాలక్ష జవాబులున్నాయి. అతని చొక్కా అంచు మాత్రం మళ్ళీ పట్టుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం హోటల్లో పెట్టిన మాంసం అన్నం మిగిలితే, పారేస్తే పాపమని అమీర్ అలీ కవర్లో కట్టి గదిలో పెట్టాడు. పొద్దు వాలాక ఆమె నమాజులో ఉండగా అదంతా తిన్నాడు. అరగంటకు వాంతులు. లిఫ్టు ముందు కళ్ళు తిరిగి పడిపోయాడు. గుంపును తీసుకొచ్చిన పెద్దమనిషి కారు పిలిచి దగ్గర్లోని ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ ముందు ఇన్సూరెన్స్ ఉందా అని అడిగారు. జహేదా సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టింది. దాని మీదున్న నంబరుకు ఆ పెద్దమనిషే ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు. అవతల ఒక ఆడపిల్ల హిందీలో మాట్లాడింది.

"మేడం, పేషెంటుకు షుగర్ ఉందని ఫారంలో రాశారు. ఇది దానివల్ల వచ్చిందేనా?"

"కాదు బేటా. పగటి అన్నం మాపటికి తిన్నడు."

"కళ్ళు తిరిగి పడిపోయారని చెప్తున్నారు కదా. షుగర్ ఉన్నవాళ్ళకు అలా అవుతుంది."

"ఆయిన సంగతి చూస్తే నాకూ తిరిగినయి కండ్లు. నాకు షుగర్ లేదు."

"మేడం, నేను కారణం రాయాలి..."

"రాసుకో అయితే. షుగర్ కాదు, ఆత్రం. ఆత్రం ఎప్పటి సందో ఉన్నది. మీరు ఫారంల అడగలేదు కాబట్టి మేం రాయలేదు."

ఆ పిల్ల నవ్వింది. నవ్వి, మళ్ళీ గొంతు సవరించుకుని, డాక్టరు రాసిన కాగితం పంపమంది. పంపారు. సరిగ్గా రాలేదంది. మళ్ళీ పంపారు. ఒక పేజీ తక్కువైందంది. మూడోసారి పంపించేటప్పటికి, ఇంకోసారి అడిగితే ఫోన్లోంచే దూరి వస్తానని జహేదా అంది. డాక్టరు పాడైన తిండి వల్లేనని రాశాడు. కంపెనీ ఒప్పుకుంది.

పొద్దున అమీర్ అలీ కళ్ళు తెరిచాడు. చేతికి సెలైన్. మొహం పీక్కుపోయి ఉంది. రాత్రంతా స్టూలు మీద కూర్చున్న జహేదా ముందుకు వంగింది. ఏం అంటాడో, ఇక్కడే వదిలిపెట్టమంటాడేమోనని చెవి అతని నోటి దగ్గర పెట్టింది.

"సైఫ్‌కు ఫోన్ జేసినవా?" అన్నాడు అతను, పెదాలు తడుపుకుంటూ. "సూడిబర్రె ఈనిందట్నా?"

ఆమెకు ఏడుపు వచ్చింది. వారం పది రోజులుగా ఒక్కసారి కూడా రానిది అప్పుడు వచ్చింది, ఆగలేదు. ఏడుస్తున్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"పండుకో" అంది. "ఈనినప్పుడు వాడే చెప్తడు."

తిరిగొచ్చాక పది రోజులదాకా ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు. మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ నీళ్ళు, ఖర్జూరాలు పంచడానికి ఇంట్లోని గ్లాసులు, పళ్ళాలు చాలలేదు. ఒకరోజు పక్క ఊరి నుంచి ఉమ్రాకు పోబోతున్న దంపతులు వచ్చారు. అమీర్ అలీ మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని, ఆ మగమనిషికి చెబుతున్నాడు.

"బీమా తీసుకోవాల్నా అని అడుగుడేంది భాయ్? దాంట్ల సోచాయించే ముచ్చటే లేదు. నేను జల్దీ తీసుకున్న. జబ్బులన్ని ఉన్నయి ఉన్నట్టు రాయాలె. నాకు షుగర్ ఉన్నది, ఆరేండ్లు అని రాయించిన. మా ఇంటామె గూడ ఇంటది, అడుగు."

లోపల చాయ్ వడకడుతున్న జహేదా చేయి ఆగింది. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. జహేదా గ్లాసులు మగవాళ్ళకు పంపించి, ఆ వచ్చినామెను వంటింట్లోకి పిలిచింది.

"మీ ఆయన ఏమంటుండు?" అని అడిగింది.

"ఎటూ చెప్తలేడు అక్కా" అంది ఆమె, గొంతు తగ్గించి. "ఇంక ఇద్దర్ని అడగాలంట."

జహేదా ఆమె చేతిలో ఖర్జూరాల పళ్ళెం పెట్టింది.

"అడగనియ్యి. పొద్దుగాల ఏడుంబావుకు మేడ్చల్ బస్సున్నది. ఆఫీసు మెట్లెక్కినంక ఎడమ చేతి దిక్కు. పాస్‌పోర్టు మర్చిపోకు."